మూడు లెక్కపెట్టేలోపు

"అది కింద పెట్టు," అంది అత్తయ్య.

రీపెకా వెనకవాకిలి తలుపుకి వీపు ఆనించి నిలబడి ఉంది. భుజానికి వాళ్ళ నాన్న పూల్ బంతులు కొట్టే కర్ర, క్యూ, పెట్టుకునే నల్ల తోలు సంచి వేలాడుతోంది. కారు తాళంచెవులు అత్తయ్య ఏప్రన్ జేబులో ఉన్నాయి. జేబు మీద ఆవిడ చెయ్యి ఉంది.

"నాన్నమ్మా, మూడింటికి ఆట. బాబాయ్ వాళ్ళు ఎదురుచూస్తుంటారు."

"ఆటతో నాకేం పేచీ లేదు. క్లబ్బు గోడకి బోలెడు కర్రలు ఆనించి ఉంటాయి. వాటిలో ఏదో ఒకటి పట్టుకుని ఆడుకో. ఇది మాత్రం నా మంచం కిందికి తిరిగెళ్ళాలి."

"ఆ గోడకున్నవన్నీ వంకర కర్రలు. చిక్కుడు పాదుకి కావాలంటే నీకు నాలుగు తెచ్చిస్తాను."

మామూలు రోజైతే అత్తయ్య నవ్వేది. మనవరాలి నోటి దురుసుని ముద్దు చేసింది ఆవిడే.

"నా మంచం కిందనించి ఎప్పుడు తీశావు?"

"నువ్వు చర్చికి వెళ్ళినప్పుడు."

"చర్చికి వెళ్ళినప్పుడు," అంది అత్తయ్య, నా వైపు తిరిగి. "విన్నావా మెరే? నేను వీళ్ళ నాన్న కోసం మోకాళ్ళ మీద ఉన్నప్పుడు."

నేను చిలగడదుంపల చెక్కు తీస్తున్నాను.

నా భర్త పావోరా మార్చిలో పోయాడు. సమాధి మీద రాయి నిలిపి, దాని ముసుగు తీసేదాకా పోయినవాళ్ళకి ప్రాణమైన వస్తువుని ఎవరూ వాడకూడదు. రాయి వచ్చే మార్చికి గాని లేవదు. ఇది మా ఇళ్ళలో ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేని సంగతి. రీపెకాకీ తెలుసు.

"నాన్న చెయ్యి పట్టిన చోటే నా చెయ్యి పడుతుంది నాన్నమ్మా. ఇవాళ ఫైనల్. నాన్న ఆడాల్సిన ఫైనల్ ఇది. ఇంకో కర్రతో నేను ఆడలేను."

"అందుకే వద్దంటున్నాను. వాడి చెయ్యి పడ్డ చోట నీ చెయ్యి పడకూడదనే."

అత్తయ్య గొంతు అక్కడ వణికింది. కోపం అనుకున్నదల్లా భయమని అప్పుడు రీపెకాకీ అర్థమైనట్టుంది. సంచి పట్టీని సర్దుకుంది తప్ప తీయలేదు.

నేను కత్తి కింద పెట్టాను.

"సోమవారం సంగతి చెప్పు," అన్నాను.

"అదిగో. మొదలైంది. ఇద్దరూ ఒకేసారి నా మీద పడకండి. వంతులేసుకోండి."

"రెండుసార్లు ఫోన్ చేసి రానని చెప్పావు. ఆసుపత్రివాళ్ళు మూడోసారి తారీఖు ఇచ్చారు. గిస్బోర్న్‌కి నేను తీసుకెళ్తాను. బడికి సెలవు పెట్టాను."

"నేను బాగానే ఉన్నానమ్మా."

"మీ నాన్న కూడా ఆ మాటే అనేవాడు."

అనకుండా ఉండాల్సింది. రీపెకా నన్ను చూసింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. కళ్ళ కింద నీలి నీడలున్నాయి. గొర్రెల షెడ్డులో పొద్దుటినించీ పని చేస్తే ఎవరికైనా ఉంటాయని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

"నడిచే వెళ్తాను," అని తలుపు తీసింది.

సముద్రం మీదనించి చలిగాలి వంటింట్లోకి కొట్టింది. తలుపు మూసుకుంది. గేటు చప్పుడు వినిపించింది.

అత్తయ్య కుర్చీలో కూర్చుంది. ఏప్రన్ జేబులోంచి తాళంచెవులు తీసి బల్ల మీద పెట్టింది.

*

పావోరా పోయిన రోజు నేను క్లబ్బులో లేను. ఉన్నవాళ్ళు చెప్పిందే నాకు తెలుసు.

ఈ తీరంలో పూల్ ఆడేవాళ్ళందరికీ పావోరా ఆగడం తెలుసు. గెలుపుకి చివరిగా పడాల్సిన నల్ల బంతి ఒక్కటే మిగిలినప్పుడు కొట్టడానికి వంగేవాడు. కొట్టకుండా లేచేవాడు. ఎడమ అరచేయి బల్ల అంచు మీద ఆనించి, తల దించుకుని నిలబడేవాడు. అప్పుడు క్లబ్బంతా పైకి లెక్కపెట్టేది. ఒకటి. రెండు. మూడు. మూడుకి వంగేవాడు. బంతి పాకెట్‌లో పడేది.

ఎదుటివాణ్ణి బెదరగొట్టడానికి అలా చేస్తాడని అందరూ అనుకున్నారు. ఇంట్లో నేనడిగితే నవ్వేవాడు.

మార్చిలో అలాగే ఆగాడు. అలాగే లెక్కపెట్టారు. మూడు దాటింది. ఎవరో నవ్వుతూ నాలుగన్నారు. ఇవాళ బాగా ఊరిస్తున్నాడని ఇంకెవరో అయిదన్నారు. అప్పుడు పావోరా తమ్ముడు మటియు బల్ల దగ్గరికి పరిగెత్తాడు.

ఆ గుండె చాలా ఏళ్ళుగా మధ్యమధ్యలో కొట్టుకోవడం తప్పుతూ వచ్చిందని తర్వాత డాక్టరు చెప్పాడు. ఇది రక్తంలో దిగే జబ్బు, అందరూ చూపించుకోవాలన్నాడు. మటియు చూపించుకున్నాడు. అతనికి ఏమీ లేదు.

ఇప్పుడు క్లబ్బులో లెక్కపెట్టడం మానేశారు. ఆగడం మాత్రం అందరూ నేర్చుకున్నారు. పావోరా గౌరవార్థం, నల్ల బంతి కొట్టేముందు ప్రతివాడూ లేచి, అరచేయి అంచు మీద పెట్టి, ఒక్క క్షణం తల దించుకుంటాడు.

రీపెకా కూడా ఆగుతుంది. ఎందుకు ఆగుతుందో నాకు తెలియదు.

*

"మెరే."

"ఊఁ."

"ఆ జబ్బు తండ్రి వైపునించి వస్తుందా, తల్లి వైపునించా?"

అత్తయ్య ఈ మాట అడగడానికి మార్చి నించి ఆగిందని నాకు తోచింది.

"ఏ వైపునించైనా రావచ్చన్నారు."

ఆవిడ తల ఊపింది. లేచి, నేను చెక్కు తీసిన దుంపలని నీళ్ళలో వేసింది. వాటిని అక్కర్లేనంత సేపు కడిగింది.

"పావోరా వాళ్ళ నాన్న ఎనభై దాకా బతికాడు. గుర్రం తన్నినా లేచి నిలబడ్డ మనిషి," అంది, సింకు వైపే చూస్తూ. "మా అమ్మ పాలు పితుకుతూ పడిపోయింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఎండదెబ్బ అన్నారు. నేనూ అలాగే చెప్పుకుంటూ వచ్చాను."

ఆవిడ వీపు మీద చెయ్యి వేశాను. పల్చటి స్వెటరు కింద ఎముకలు తగిలాయి.

"కర్ర వల్ల ఏదైనా వస్తే నీళ్ళు చల్లి, ప్రార్థన చేసి పోగొట్టగలను," అంది అత్తయ్య. "ఇదైతే నేనేం చెయ్యను?"

చేతులు తుడుచుకుంది. అలమరలోంచి చిన్న సీసా తీసి, పెరట్లోకి వెళ్ళి వాననీళ్ళు పట్టుకొచ్చింది. స్కార్ఫు కట్టుకుంది.

"పద. కారు నువ్వే నడుపు. నా చేతులు బాగోలేవు."

*

క్లబ్బు ముందు మటియు వ్యానులోంచి బీరు పెట్టెలు దించుతున్నాడు. మమ్మల్ని చూసి ఒకటి కింద పెట్టేశాడు.

"వదినా, నువ్వా? ఇక్కడ హాజరు వేస్తారని ఎవరైనా చెప్పారా?" అన్నాడు. వెనకసీటులో తల్లిని చూడగానే టోపీ తీశాడు. "అమ్మా. నువ్వు కూడా."

అత్తయ్య పావోరా పోయాక ఆ గుమ్మం తొక్కలేదు. నేనూ తొక్కలేదు.

"రీపెకా ఏది?"

"వెనక గదిలో ఒంటరిగా ఆడుతూ చెయ్యి సర్దుకుంటోంది. ఎవర్నీ రావద్దంది. ఆ కర్ర సంగతి నాకు తెలీదమ్మా, ఒట్టు. సంచి తెరిచాకే చూశాను."

"నీకెప్పుడు ఏం తెలిసింది గనక," అంది అత్తయ్య. కొడుకు చెయ్యి పట్టుకుని మెల్లగా కారు దిగింది.

నేను మటియుని పక్కకి పిలిచాను.

"అది ఆగడం చూశావా?"

"అందరూ ఆగుతున్నారు వదినా. బార్లో జోసీ బీరు వంచడానికి కూడా ఆగుతోంది." నవ్వబోయి, నా ముఖం చూసి మానేశాడు. "ఏం?"

"ఎక్కడ ఆగుతుంది? నల్ల బంతి దగ్గరేనా?"

"అక్కడే కదా ఆగేది. ఇంకెక్కడ ఆగుతారు?"

నేను లోపలికి వెళ్ళాను.

గోడ మీద పావోరా ఫోటో పెట్టారు. చేపల పడవ మీద నిలబడి, ఎండకి కళ్ళు చిట్లించి ఉన్నాడు. దాని పక్కన గుండెకి షాకిచ్చే పెట్టె కొత్తగా తగిలించారు. చిన్న పచ్చదీపం వెలిగి ఆరి, మళ్ళీ వెలుగుతోంది. గిస్బోర్న్ జట్టువాళ్ళు దాని కింద కూర్చుని వేయించిన రొట్టె తింటున్నారు.

వెనక గది తలుపు ఓరగా తెరిచి ఉంది.

లోపల పాత బల్ల ఒకటి. పైన ఒక్క దీపం. రీపెకా నాకు పక్కగా నిలబడి ఉంది. బల్ల మీద రంగు బంతులు ఇంకా చాలానే ఉన్నాయి. ఆమె ముందున్న పసుపు బంతి పాకెట్ అంచున వేలాడుతోంది. పిల్లి తోకతో తగిలించినా పడే బంతి. నల్ల బంతి ఎక్కడో అవతలి మూలన ఉంది.

వంగింది. క్యూ వెనక్కి లాగింది.

కొట్టలేదు. లేచింది. ఎడమ అరచేయి బల్ల అంచు మీద ఆనించింది. తల దించుకుంది.

గదిలో ఇంకెవరూ లేరు. నేనున్నట్టు ఆమెకి తెలియదు.

ఆమె భుజాలు ఒక్కసారి పైకి లేచి, దిగాయి. వంగి బంతిని మెత్తగా పడేసింది. సుద్ద అందుకోడానికి తిరిగి నన్ను చూసింది.

"ఎంతసేపయింది వచ్చి?"

"ఇప్పుడే."

క్యూ కొనకి నీలం సుద్ద రుద్దుతూ ఉంది. అవసరానికి మించి రుద్దింది.

"అమ్మా."

"చెప్పు."

"నాన్న ఆగినప్పుడు మూడు లెక్కపెట్టుకుంటాడు అనుకునేవాళ్ళం కదా."

"ఊఁ."

"లెక్కపెట్టేవాడు కాదు. అది మళ్ళీ మొదలయ్యేదాకా ఆగేవాడు."

"ఏది?" అన్నాను. ముప్పయ్యేళ్ళుగా బడిలో పిల్లల్ని జవాబు తెలిసే అడిగే అలవాటు నాది. ఈసారి మాత్రం ఆమె వేరే జవాబు చెప్పాలని అడిగాను.

రీపెకా సుద్ద బల్ల అంచు మీద పెట్టింది.

"ఎన్నాళ్ళ నించి?"

"షెడ్డులో పని మొదలెట్టినప్పటినించి. ఎప్పుడో ఒకసారి. ఈ వారం కొంచెం ఎక్కువ."

"పద. కారు బయట ఉంది."

"ఈ ఒక్క ఆట ఆడి వస్తాను."

"రీపా."

"సోమవారం నాకు అది ఉందని చెప్తారమ్మా. నాకు తెలుసు. అందుకే రెండుసార్లు వెళ్ళలేదు. చెప్పాక షెడ్డుకి పంపవు, సముద్రంలో దిగనివ్వవు, ఈ గదిలో అడుగుపెట్టనివ్వవు. మీరిద్దరూ రాత్రీ పగలూ నా ముఖం చూస్తూ కూర్చుంటారు. అది మొదలయ్యేలోపు ఒక్కసారి నాన్న కర్రతో నాన్న ఆట పూర్తిచేస్తాను. అంతే."

"వద్దు," అన్నాను. నా గొంతు నాకే తరగతి గదిలోది లాగ వినిపించింది.

గుమ్మంలో అత్తయ్య ఉంది. ఎంతవరకూ విన్నదో తెలియదు. నీళ్ళ సీసా రెండు చేతులతో పట్టుకుని ఉంది.

లోపలికి వచ్చి, రీపెకా చేతిలో క్యూని ఉండనిచ్చే, దాని పొడుగునా నీళ్ళు చల్లింది. చిన్నగా ప్రార్థన మొదలుపెట్టింది. పావోరా పేరు దగ్గర ఆగింది. మళ్ళీ అందుకుంది. చివర్లో తడిచేయి మనవరాలి నెత్తి మీద పెట్టింది. రీపెకా పొడుగు మనిషి. నాన్నమ్మకి అందేలా తల వంచింది.

"సోమవారం నేను కూడా వస్తున్నాను," అంది అత్తయ్య. "ముందు నా గుండె చూడమంటాను. అది నా దగ్గర్నించి వచ్చిందేమో కనుక్కోవాలి. నువ్వు నా పక్కన కూర్చోవాలి. వస్తావా?"

"వస్తాను నాన్నమ్మా."

"అత్తయ్యా, సోమవారం కాదు. ఇప్పుడే వెళ్ళాలి," అన్నాను. "ఇందాక—"

"రీపెకా," అని హాల్లోంచి పిలిచారు. "కర్రని ముద్దుపెట్టుకోవడం అయితే రా. అవతలావిడ రొట్టె తినేసింది, ఇంక బల్ల తినేలా ఉంది."

రీపెకా నా పక్కనించి వెళ్ళిపోయింది. నేను పట్టుకోబోయాను. స్వెటరు అంచు వేళ్ళలోంచి జారింది.

*

మటియు దగ్గరికి వెళ్ళాను.

"కారు గుమ్మానికి ఆనించి పెట్టు. కొండ అవతల ఉండే నర్సుకి ఫోన్ చెయ్యి. రమ్మను."

అతను ఎందుకని అడగలేదు. బల్ల వైపు ఒకసారి చూసి బయటికి పరిగెత్తాడు.

గిస్బోర్న్ ఆవిడ పేరు లోరేన్. వెడల్పాటి మనిషి, ఎర్ర చొక్కా. చేతులు కట్టుకుని రీపెకాని పైనించి కిందికి చూసింది.

"ఆ కర్ర నీకంటే పొడుగుందే పాపా."

"నీ నాలుక కంటే పొట్టిదేలే అత్తా."

హాలు నవ్వింది. లోరేన్ అందరికంటే ఎక్కువ నవ్వింది. మొదటి దెబ్బ కొట్టింది. బంతులు చెదిరాయి.

ఆట ఎలా సాగిందో నేను చెప్పలేను. నేను బంతుల్ని చూడలేదు. నా బిడ్డ మెడ పక్కన చర్మాన్ని చూశాను. ఆపేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ ఆమె నవ్వుతూ నా వైపు చూసింది. మార్చి తర్వాత ఆ నవ్వు నేను చూడలేదు.

మధ్యలో ఒకసారి అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది.

"బాగా ఆడుతోందా?" అని అడిగింది.

"బాగా ఆడుతోంది అత్తయ్యా."

"వాడిలాగేనా?"

"అచ్చం అలాగే."

ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

తర్వాత రీపెకాకి నల్ల బంతి ఒక్కటే మిగిలింది. లోరేన్ ఎర్ర బంతులు రెండు దూరంగా ఉన్నాయి. కర్రతో కొట్టే తెల్ల బంతికీ నల్ల బంతికీ పాకెట్‌కీ మధ్య తిన్నటి దారి ఉంది. ఆట తెలియని నాకు కూడా ఆ దారి కనిపించింది.

రీపెకా వంగింది. క్యూ వెనక్కి వెళ్ళింది.

లేచింది. ఎడమ అరచేయి బల్ల అంచు మీద పెట్టింది. తల దించుకుంది.

హాలంతా నిశ్శబ్దమైంది. టోపీలు తీశారు. ఎవరి దగ్గర ఏముంటే దాని మీద వాళ్ళు అరచేయి పెట్టారు. జోసీ బార్ బల్ల మీద, లోరేన్ కుర్చీ వీపు మీద. అందరి తలలూ పావోరా కోసం కిందికి వంగాయి. అందువల్ల రీపెకా ముఖాన్ని ఎవరూ చూడటం లేదు.

నేను చూస్తున్నాను.

ఎవరూ లెక్కపెట్టలేదు. నేను లోపల లెక్కపెట్టాను. ఒకటి. రెండు.

ఆమె పెదవులు తెల్లబడ్డాయి.

మూడు.

భుజాలు లేవలేదు.

నాలుగు దాకా ఆగలేదు నేను. అత్తయ్య చెయ్యి విడిపించుకుని బల్ల దగ్గరికి వెళ్ళి తెల్ల బంతిని చేత్తో ఎత్తేశాను.

"ఫౌల్," అంది లోరేన్, అలవాటు కొద్దీ. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తలలన్నీ లేచాయి. ఎక్కడో ఒక కుర్చీ పడింది. "వదినా," అని గుమ్మంలోంచి మటియు గొంతు వినిపించింది. గోడ మీద పచ్చదీపం వెలిగి ఆరింది.

రీపెకా తల ఎత్తలేదు. వేళ్ళు బల్ల అంచుని పట్టుకునే ఉన్నాయి. బంతిని కోటు జేబులో వేసుకుని, రెండో చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాను. చర్మం చల్లగా, తడిగా ఉంది. బొటనవేలి కింద నాడి కోసం వెతికాను.

ఏమీ తగల్లేదు.

ఇంకొంచెం నొక్కాను.

ఒకసారి కొట్టుకుంది. నేను రెండోదాని కోసం ఆగాను.